ఎన్‌ఎంసీ 811 పౌడర్‌కు అల్యూమినా పూత వేస్తే కెపాసిటీ తగ్గింది, ఆయువు మాత్రం పెరగలేదు

నాగావళి_ఒడ్డు
శ్రీకాకుళం దగ్గర ఒక కళాశాలలో లిథియం అయాన్ బ్యాటరీల క్యాథోడ్ (ధన ఎలక్ట్రోడ్) పదార్థాల మీద పరిశోధన చేస్తున్నాను. బయట కొన్న ఎన్‌ఎంసీ 811 పౌడర్‌ను, అంటే లోహాలలో నికెల్ 80 శాతం, మాంగనీసు, కోబాల్ట్ చెరో 10 శాతం ఉన్న ఆక్సైడ్‌ను తీసుకొని, దాని మీద అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, పూత వేస్తున్నాను. అల్యూమినియం ఐసోప్రొపాక్సైడ్‌ను ఐసోప్రొపనాల్‌లో కరిగించి, అందులో పౌడర్ వేసి, ద్రావకం ఆవిరయ్యే దాకా తిప్పి, ఆరబెట్టి, మఫుల్ ఫర్నేస్‌లో 450 డిగ్రీల దగ్గర 5 గంటలు ఉంచాను. అల్యూమినా బరువు పౌడర్ బరువులో 1 శాతం వచ్చేలా కొలతలు తీసుకున్నాను.

లిథియం లోహాన్ని ఎదురు ఎలక్ట్రోడ్‌గా పెట్టి కాయిన్ సెల్స్ కట్టి, 3.0 నుంచి 4.3 వోల్టుల మధ్య నడిపితే, పూత లేని పౌడర్ మొదటి డిశ్చార్జ్‌లో గ్రాముకు 190 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇచ్చింది. పూత వేసినది 176 మాత్రమే ఇచ్చింది. ఆ తరువాతి సైకిళ్లలో రెండూ ఒకే వాలుతో పడిపోతున్నాయి. నేను చదివిన పరిశోధన పత్రాలన్నింటిలోనూ పూత వేశాక ఆయువు పెరిగిందనే ఉంది. మా గైడ్ గారు పూతను 2 శాతానికి పెంచి చూడమంటున్నారు. పెంచే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను. లోపం పూతలో ఉందా, పౌడర్‌లో ఉందా, పరీక్షలో ఉందా?

బొబ్బిలి_వీణ
మూడు విషయాలు చెప్పండి. ఫర్నేస్‌లో ఉన్నది మామూలు గాలా, ఆక్సిజనా? పౌడర్ డబ్బా మూత ఎక్కడ తీశారు, ఆ తరువాత ఎలా దాచారు? పూత నిజంగా పొరలా పరుచుకుందని దేన్నిబట్టి అనుకుంటున్నారు?

నాగావళి_ఒడ్డు
మామూలు గాలిలోనే వేడి చేశాను. డబ్బా వానాకాలంలో మామూలు గదిలోనే తెరిచాము. తూకం వేసి, మూత బిగించి, బీరువాలో పెట్టాము. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద మూలకాల పటం తీయిస్తే అల్యూమినియం అన్ని కణాల మీదా కనిపించింది. అంతకంటే దగ్గరగా చూసే పరికరం మాకు అందుబాటులో లేదు. ఇంకొక విషయం, ఎలక్ట్రోడ్ పూయడానికి పౌడర్‌ను ద్రావకంలో కలిపి చేసిన స్లర్రీ కాసేపటికే చిక్కబడి, గోధుమ రంగులోకి తిరిగింది. పూత వేసిన పౌడర్‌తోనూ, వేయని పౌడర్‌తోనూ అలాగే జరిగింది.

రాజాం_రసాయనం
స్లర్రీ చిక్కబడిందన్న మాటతో సగం జవాబు దొరికింది. నికెల్ ఎక్కువగా ఉన్న ఈ పౌడర్లు తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. కణం ఉపరితలంలోని లిథియం కొంత బయటికి వచ్చి లిథియం హైడ్రాక్సైడ్‌గా, లిథియం కార్బోనేట్‌గా పేరుకుంటుంది. అది గట్టి క్షారం. స్లర్రీలో కణాలను అంటించి ఉంచే బైండర్‌గా మనం వాడే పీవీడీఎఫ్ అనే పాలిమర్ నుంచి ఆ క్షారం హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను లాగేస్తుంది, అప్పుడు ఆ పాలిమర్ గొలుసులు ఒకదానికొకటి ముడిపడి స్లర్రీ గడ్డకడుతుంది, రంగు మారుతుంది. మీరు చూసింది సరిగ్గా అదే. మన తీరప్రాంతంలో వానాకాలపు గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆ గాలిలో తెరిచిన డబ్బాలో పౌడర్ మీద మీ అల్యూమినా కంటే ముందే ఒక పూత పడి ఉంది, అది కార్బోనేట్ పూత. మీరు వేసింది దాని మీద రెండో పొర.

దీన్ని తేల్చడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. డిగ్రీ కళాశాలలో ఉండే బ్యూరెట్ చాలు. 5 గ్రాముల పౌడర్‌ను 50 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన డిస్టిల్డ్ నీటిలో వేసి, కొద్ది నిమిషాలు కలిపి, వెంటనే వడపోయండి. ఆ నీటిని 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ముందు ఫినాఫ్తలీన్ రంగు పోయేదాకా, తరువాత మిథైల్ ఆరెంజ్ రంగు మారేదాకా టైట్రేట్ చేయండి. మొదటి దశలో హైడ్రాక్సైడ్ మొత్తం తీరి, కార్బోనేట్ బైకార్బోనేట్ అవుతుంది. రెండో దశలో ఆ బైకార్బోనేట్ తీరుతుంది. కాబట్టి రెండో దశలో పట్టిన ఆమ్లం కార్బోనేట్ ఎంతో చెబుతుంది, మొదటి దశ నుంచి రెండో దశను తీసివేస్తే హైడ్రాక్సైడ్ ఎంతో తెలుస్తుంది. అన్ని నమూనాలకూ కలిపే సమయం ఒకటే ఉండాలి. ఎక్కువసేపు నానితే కణం లోపలి లిథియం కూడా నీటిలోని హైడ్రోజన్‌తో మారకమై బయటికి వచ్చి లెక్క తప్పుతుంది.

గంటస్తంభం_లెక్కలు
నేను రసాయనం మనిషిని కాను, విజయనగరంలో గణితం చెబుతాను. అయినా మొదటి పోస్టులోని అంకెలు చూశాక ఒక లెక్క వేయకుండా ఉండలేకపోయాను. పనికిరాని అల్యూమినా 1 శాతం కలిస్తే, బరువును బట్టి 190 కాస్తా 188 కావాలి. 176 అయిందంటే మిగతా 12 పోవడానికి కారణం అల్యూమినా బరువు కాదు.

ఇక మందం సంగతి. కణాన్ని 10 మైక్రాన్ల వ్యాసం ఉన్న నున్నని గోళం అనుకొని, దాని సాంద్రత 4.7, అల్యూమినా సాంద్రత 3.5 అని తీసుకుంటే, 1 శాతం అల్యూమినా దాదాపు 22 నానోమీటర్ల పొర అవుతుంది. నిజానికి ఈ కణం చిన్న చిన్న స్ఫటికాల ముద్ద, దాని ఉపరితలం గరుకు. గ్రాముకు 0.4 చదరపు మీటర్ల ఉపరితలం ఉందనుకుంటే పొర 7 నానోమీటర్లకు దిగుతుంది. అది కూడా పొర అంతటా సమంగా ఉందనుకుంటేనే. 2 శాతం చేస్తే ఇవన్నీ రెట్టింపవుతాయి. లిథియం అయాన్ ఆ మందాన్ని దాటగలదా లేదా అన్నది మీరే చెప్పాలి.

బొబ్బిలి_వీణ
మంచి లెక్క. పోలిక కోసం చెబుతున్నాను, ఆటమిక్ లేయర్ డిపాజిషన్ పద్ధతిలో, అంటే ట్రైమిథైల్ అల్యూమినియం ఆవిరిని, నీటి ఆవిరిని ఒకదాని తరువాత ఒకటి పంపే పద్ధతిలో, ఒక్కో విడతకు పడే అల్యూమినా నానోమీటరులో దాదాపు పదో వంతు. ఫిన్లాండ్‌లో టువోమో సుంటోలా 1974లో రూపొందించిన ఆ పద్ధతిని లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ మీద వాడినవారికి రెండు విడతలే మంచి ఫలితం ఇచ్చినట్టు 2010లో పత్రం వచ్చింది. అంటే నానోమీటరులో నాలుగో వంతు కూడా లేని పొర పని చేసింది. మందం పెరిగిన కొద్దీ అయాన్ దారి మూసుకుపోయి నిరోధం పెరుగుతుంది. అందుకే 2 శాతం వైపు వెళ్లవద్దని నా సలహా, గైడ్ గారికి ఈ లెక్క చూపించండి.

చీపురుపల్లి_బ్యాటరీ
మాది బ్యాటరీ ఆటోలు, స్కూటర్ల ప్యాకులు బాగుచేసే దుకాణం. మీ మాటల్లో సగం నాకు కొత్త, అయినా ఆసక్తిగా చదువుతున్నాను. నా దగ్గరికి వచ్చే వాటిలో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ ఎండాకాలం దాటినా నిలబడుతున్నాయి. కొన్ని స్కూటర్లలోని పౌచ్ సెల్స్, అంటే రేకు సంచిలో ఉండే సెల్స్, మాత్రం దిండులా ఉబ్బి, ప్యాక్ డబ్బా మూతనే పైకి నెట్టేస్తున్నాయి. ఉబ్బిన సెల్‌ను వేలితో నొక్కితే లోపల గాలి కదలడం తెలుస్తుంది. ఆ గాలి ఏమిటి? ఎల్‌ఎఫ్‌పీకి కూడా ఇలాంటి పూత ఉంటుందా?

పలాస_మాస్టారు
ముందు ఒక జాగ్రత్త చెబుతాను బాబూ. ఉబ్బిన సెల్‌ను నొక్కకండి, సూదితో పొడిచి గాలి తీయాలని అస్సలు చూడకండి. అందులో మండే ఆవిరి ఉంటుంది.

ఇక ఎల్‌ఎఫ్‌పీ. 1997లో అక్షయ పాఢి, కె.ఎస్. నంజుండస్వామి, జాన్ గుడినఫ్ కలిసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను క్యాథోడ్‌గా ప్రకటించినప్పుడు దానికున్న పెద్ద ఇబ్బంది విద్యుత్ వాహకత. సెంటీమీటరుకు సీమెన్‌లో నూరు కోట్లవ వంతు స్థాయిలో ఉండేది, అంటే దాదాపు అవాహకమే. సిద్ధాంతం ప్రకారం గ్రాముకు 170 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇవ్వవలసిన పదార్థం, కాస్త వేగంగా ఛార్జ్ చేస్తే అందులో కొంతే ఇచ్చేది. 1999 ప్రాంతంలో మిషెల్ ఆర్మాండ్ బృందం ఆ కణాల మీద కార్బన్ పూత వేసి చూపించింది. చక్కెర వంటి పదార్థాన్ని కణాలతో కలిపి, ఆక్సిజన్ లేని చోట సుమారు 700 డిగ్రీల దగ్గర వేడి చేస్తే, చక్కెర మాడి పలచటి కార్బన్ పొరగా మిగులుతుంది. ఎలక్ట్రాన్‌కు దారి దొరుకుతుంది. ఈరోజు మన రోడ్ల మీద తిరిగే ఎల్‌ఎఫ్‌పీ ఆటోలన్నీ ఆ పొర పుణ్యమే.

అయితే ఆ కార్బన్ పొర ఎలక్ట్రాన్లను మోయడానికి వేసింది. ఎన్‌ఎంసీ మీద అల్యూమినా ఎలక్ట్రోలైట్ (సెల్‌లో అయాన్లను మోసే ద్రవం) నుంచి కాపాడటానికి వేసేది. ఎన్‌ఎంసీకి కార్బన్‌ను ఇలా మాడ్చి పూయలేము. ఆక్సిజన్ లేనిచోట వేడి చేస్తే ఆ కార్బనే నికెల్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. కాబట్టి ఒక పదార్థం మీద గెలిచిన పూతను ఇంకొకదానికి అప్పగించే ముందు, ఈ పదార్థానికి వచ్చిన జబ్బు ఏమిటో తెలుసుకోవాలి.

రాజాం_రసాయనం
చీపురుపల్లి గారి మొదటి ప్రశ్నకు జవాబు: ఆ వాయువులో బొగ్గుపులుసు వాయువు, కార్బన్ మోనాక్సైడ్ వంటివి ఉంటాయి. పూర్తి ఛార్జ్‌లో నికెల్ ఎక్కువ ఉన్న క్యాథోడ్ ఉపరితలం నుంచి ఆక్సిజన్ విడుదలై ఎలక్ట్రోలైట్‌ను ఆక్సీకరిస్తుంది. ఉపరితలం మీద మిగిలిన లిథియం కార్బోనేట్ కూడా ఎక్కువ వోల్టేజ్ దగ్గర విడిపోయి వాయువునిస్తుంది. అంటే మీ దుకాణంలోని ఉబ్బిన సెల్, నాగావళి గారి గడ్డకట్టిన స్లర్రీ దగ్గరి బంధువులే.

గరివిడి_గని
ఇక్కడ మాంగనీసు సంగతి ఎవరూ ఎత్తలేదు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది మా విజయనగరం ప్రాంతంలోనే. కోడూరు పేరు మీద ఒక శిలకు కోడురైట్ అని పేరు కూడా ఉంది. నికెల్, కోబాల్ట్ మనకు బయటినుంచి రావాలి. మాంగనీసు మన కాళ్ల కిందే ఉంది. స్పినెల్ అనే స్ఫటిక నిర్మాణం ఉన్న లిథియం మాంగనీస్ ఆక్సైడ్ క్యాథోడ్ చవక, భద్రం. అది వేడికి తొందరగా పాడవుతుందని అంటారు. మంచి పూత దొరికితే ఆ లోపం తీరదా? మన గనులకు ఆ దారి తెరవాలని నా కోరిక.

రాజాం_రసాయనం
గరివిడి గారూ, కోరిక సబబైనదే, నేనూ ఆ కోరిక ఉన్నవాణ్ణే. స్పినెల్‌కు వచ్చే జబ్బు ఇది. మనం వాడే ఎలక్ట్రోలైట్ ఉప్పు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. అది కొద్దికొద్దిగా లిథియం ఫ్లోరైడ్, ఫాస్ఫరస్ పెంటాఫ్లోరైడ్‌లుగా విడిపోతుంటుంది. లవలేశం నీరు తగిలినా ఆ పెంటాఫ్లోరైడ్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆమ్లం సమక్షంలో స్పినెల్ ఉపరితలంలోని మూడు ఆవేశాల మాంగనీసు అయాన్లు రెండు కలిసి, ఒకటి నాలుగు ఆవేశాలకు ఎక్కితే రెండోది రెండు ఆవేశాలకు దిగి కరిగిపోతుంది. కరిగిన మాంగనీసు అవతలి ఎలక్ట్రోడ్ అయిన గ్రాఫైట్ దాకా ప్రయాణించి, అక్కడి రక్షణ పొరను పాడుచేసి, లిథియాన్ని మింగేస్తుంది. 55 డిగ్రీల దగ్గర ఇది మరీ జోరుగా సాగుతుంది. జిర్కోనియా, అల్యూమినా, అల్యూమినియం ఫాస్ఫేట్ వంటి పూతలు ఆమ్లాన్ని ఉపరితలానికి చేరనివ్వకుండా కరుగుదలను తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు.

గని నుంచి క్యాథోడ్ దాకా దారి పొడవైనది. మన ప్రాంతపు ఖనిజంలో ఫాస్ఫరస్ ఎక్కువని మీకు నాకంటే బాగా తెలుసు. బ్యాటరీకి కావలసింది ఎంతో శుద్ధి చేసిన మాంగనీస్ సల్ఫేట్. ముందు ఆ శుద్ధి మన దగ్గర జరగాలి, పూత దాని తరువాతి మెట్టు.

కళింగతీరం
మన తీరపు ఇసుకలో జిర్కాన్, ఇల్మెనైట్, రూటైల్ కూడా ఉన్నాయి. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో నల్లగా మెరిసే చారలు అవే. జిర్కోనియా, టైటానియా పూతలకు మూలం అవే కదా?

గంటస్తంభం_లెక్కలు
మూలం అవే, కాని పూతకు పట్టేది ఎంత? 5 నానోమీటర్ల పొరకు, గరుకుదనం కలిపి లెక్క వేసినా, కిలో పౌడర్‌కు 7 గ్రాముల అల్యూమినా సరిపోతుంది. టన్నుకు 7 కిలోలు. జిర్కోనియా బరువైనది కాబట్టి కొంచెం ఎక్కువ పడుతుందనుకుందాం. ఇసుకకు పూత పెద్ద గిరాకీ కాబోదు.

పలాస_మాస్టారు
పొర ఎంత అన్నదాని కంటే ఎలా పడింది అన్నది ముఖ్యం. మా ఊళ్లో జీడిపప్పుకు బెల్లం పాకం పట్టేవారిని చూడండి. పాకం సరైన పదునులో ఉంటే ప్రతి పలుకుకూ పలచగా పడుతుంది, పదును తప్పితే పాకం ఒకచోట గడ్డకట్టి సగం పలుకులు పొడిగానే మిగులుతాయి. ఐసోప్రొపాక్సైడ్ తేమ తగలగానే జలవిశ్లేషణ చెందుతుంది. ఐసోప్రొపనాల్ సీసాలో కాస్త నీరున్నా అల్యూమినా కణం మీద కాకుండా ద్రావకంలోనే విడిగా అవక్షేపమై, తరువాత ఇక్కడొకటి అక్కడొకటి అంటుకుంటుంది. మూలకాల పటంలో అప్పుడు కూడా అల్యూమినియం అన్ని చోట్లా ఉన్నట్టే కనిపిస్తుంది.

బొబ్బిలి_వీణ
మాస్టారి మాట నిజం. ద్రావకాన్ని నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్‌ల మీద ఆరబెట్టి వాడండి, మూత పెట్టిన గాజుపాత్రలో నెమ్మదిగా తిప్పండి. ఈసారి విజయనగరం వచ్చినప్పుడు ఆ పాకం అచ్చులు నాలుగు తెచ్చిపెట్టండి మాస్టారూ, పదును మేము కూడా పరీక్షిస్తాము.

వంశధార
అందరూ అల్యూమినా గొప్పదని ఒప్పుకొని మాట్లాడుతున్నారు, నాకు ఆ మూలం దగ్గరే అభ్యంతరం ఉంది. అల్యూమినా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని తీసుకుంటుందని చెబుతారు. సమీకరణం రాసి చూడండి: ఒక అల్యూమినా, ఆరు ఆమ్ల అణువులు కలిసి రెండు అల్యూమినియం ఫ్లోరైడ్, మూడు నీటి అణువులు అవుతాయి. ఆ మూడు నీటి అణువులూ మళ్లీ పెంటాఫ్లోరైడ్‌తో కలిస్తే ఒక్కోదానికి రెండు చొప్పున ఆరు ఆమ్ల అణువులు తిరిగి పుడతాయి. తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగి వచ్చింది, పైగా ఎలక్ట్రోలైట్ ఉప్పు ఖర్చయింది. ఇది ఆమ్లాన్ని తీసివేయడం ఎలా అవుతుంది? దక్షిణ కొరియాలో యాంగ్ కూక్ సున్ బృందం నేరుగా అల్యూమినియం ఫ్లోరైడ్ పూత వేసింది ఇందుకే అనిపిస్తుంది. ఆమ్లం దాన్ని ఇక మార్చలేదు.

పలాస_మాస్టారు
వంశధార గారి సమీకరణంలో తప్పు లేదు, కాని కథ అక్కడితో ఆగలేదు. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం 2019లో ప్రచురించిన పనిలో, అల్యూమినా ఎలక్ట్రోలైట్ ఉప్పుతో కలిసి లిథియం డైఫ్లోరోఫాస్ఫేట్‌ను తయారుచేస్తుందని చూపారు. ఆ పదార్థాన్ని సెల్ ఆయువు పెంచడానికి ఎలక్ట్రోలైట్‌లో విడిగా కలుపుతుంటారు. అంటే అల్యూమినా చేసే మేలులో కొంత భాగం గోడలా నిలబడటం వల్ల కాదు, కరిగి మందు తయారుచేయడం వల్ల వస్తోంది.

వంశధార
అలాగైతే ఆ మందునే ఎలక్ట్రోలైట్‌లో కలిపితే సరిపోతుంది కదా, కణం కణానికీ పూత వేసే శ్రమ ఎందుకు? నా అభ్యంతరం కొంత తగ్గింది కాని పోలేదు.

రాజాం_రసాయనం
మందు కలిపినా ఉపరితలం నుంచి ఆక్సిజన్ పోవడం పూర్తిగా ఆగదు. రెండూ వాడేవారు ఉన్నారు. ఈ వాదన కాయిన్ సెల్ ముందు తేలవలసిందే.

ఎస్‌కోట_విద్యార్థిని
పరీక్ష గురించి ఒక మాట. కరిగిన లోహాలు గ్రాఫైట్‌ను పాడుచేయడం గురించి రాజాం గారు రాశారు. నాగావళి గారి సెల్‌లో గ్రాఫైటే లేదు, అంతులేనంత లిథియం లోహం ఉంది. అక్కడ లిథియం పోయినా కెపాసిటీలో కనిపించదు. పైగా చాలా సైకిళ్ల తరువాత లిథియం లోహమే నాచులా పెరిగి, ఎలక్ట్రోలైట్‌ను తాగేసి, నిరోధాన్ని పెంచుతుంది. రెండు సెల్స్ ఒకే వాలుతో పడుతున్నాయంటే, పడుతున్నది క్యాథోడ్ కాకపోవచ్చు, లిథియం వైపు కావచ్చు. గ్రాఫైట్‌తో పూర్తి సెల్ కట్టి చూడమని నా విన్నపం.

కూలంబిక్ ఎఫిషియెన్సీని, అంటే ఛార్జ్‌లో ఎక్కించినదానిలో డిశ్చార్జ్‌లో తిరిగి వచ్చే శాతాన్ని, కూడా జాగ్రత్తగా కొలవండి. పూర్తి సెల్‌లో ప్రతి సైకిల్‌కు లిథియం 99.9 శాతం చొప్పున నిలిచినట్లయితే 1000 సైకిళ్లకు మిగిలేది 37 శాతం. 99.99 అయితే 90 శాతం. మంచి పూతకూ మామూలు పూతకూ తేడా ఆ చివరి అంకెలో దాగి ఉంటుంది.

గంటస్తంభం_లెక్కలు
ఎస్‌కోట అమ్మాయి లెక్క సరిగ్గా ఉంది, 36.8, 90.5 వస్తాయి.

నాగావళి_ఒడ్డు
అందరి సూచనలూ రాసుకున్నాను. ఒక సందేహం. వేడిని 450 నుంచి 700 డిగ్రీలకు పెంచితే పూత గట్టిగా పడుతుందని కొందరు రాశారు. మరికొందరు అప్పుడది పూతే కాదంటున్నారు.

రాజాం_రసాయనం
రెండోవారి మాటకు కారణం ఉంది. వేడి పెరిగిన కొద్దీ అల్యూమినియం ఉపరితలంలోని లిథియంతో కలిసి లిథియం అల్యూమినేట్ అవుతుంది, ఇంకా పెరిగితే నికెల్ ఆక్సైడ్ పొరల లోపలికి ఇంకుతుంది. అది నిర్మాణాన్ని బలపరిచే మంచి పనే, కాని మీరు కొలవాలనుకున్నది అది కాదు. అదీగాక 811ను గాలిలో అంత వేడి చేస్తే లిథియం, ఆక్సిజన్ తగ్గి ఉపరితలం నికెల్ ఆక్సైడ్ లాంటి రాక్‌సాల్ట్ నిర్మాణంగా మారుతుంది. అది అయాన్ దారికి అడ్డం. మీ 12 యూనిట్లలో కొంత భాగం అలా పోయి ఉండవచ్చు, 450 దగ్గర కూడా ఆక్సిజన్ ప్రవాహంలోనే వేడి చేయండి.

పూతకు చేతకాని పని కూడా ఒకటి ఉంది. 811ను 4.2 వోల్టులు దాటించినప్పుడు దాని పొరల మధ్య దూరం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, తిరిగి డిశ్చార్జ్‌లో సాగుతుంది. అలా జరిగి జరిగి, వందల స్ఫటికాల ముద్ద అయిన కణం లోపలినుంచి పగులుతుంది. పగులులోకి ఎలక్ట్రోలైట్ చేరుతుంది. బయట వేసిన పూత ఆ కొత్త ఉపరితలాన్ని ఎలా కాపాడుతుంది? అందుకే ఏక స్ఫటిక కణాల వైపు చాలామంది మళ్లారు. మీ సెల్స్‌లో కొన్నింటిని 4.1 వోల్టుల దగ్గరే ఆపి నడపండి. అక్కడ వాలు బాగా తగ్గితే మీ జబ్బులో పగుళ్ల వాటా పెద్దదని అర్థం.

చీపురుపల్లి_బ్యాటరీ
అంటే స్కూటర్‌ను రోజూ నూటికి నూరు ఛార్జ్ చేయకుండా కాస్త ముందే ఆపమని నేను ఖాతాదారులకు చెప్పవచ్చా?

రాజాం_రసాయనం
ఎన్‌ఎంసీ సెల్స్ ఉన్న బండికి చెప్పవచ్చు, ఎండాకాలంలో మరీ చెప్పాలి. ఎల్‌ఎఫ్‌పీ ప్యాకులను మాత్రం అప్పుడప్పుడు నిండుగా ఛార్జ్ చేయకపోతే బీఎంఎస్ (ప్యాక్‌ను కనిపెట్టి ఉండే సర్క్యూట్) చూపే శాతం తప్పుతుంది.

సోంపేట
ఫర్నేస్ నడుస్తుండగా కరెంటు పోతే ఏమిటి? మా వైపు తిత్లీ తుపానుకు 2018లో స్తంభాలే పడిపోయాయి, మామూలు రోజుల్లో గాలివాన వచ్చినా సరఫరా ఆగుతుంది. వేడి మధ్యలో తగ్గిన పౌడర్‌ను మిగతా వాటితో కలిపి పోల్చకండి. ఫర్నేస్ ఉష్ణోగ్రత రికార్డు దాచి ఉంచండి.

నాగావళి_ఒడ్డు
టైట్రేషన్ చేశాను. బీరువాలోని పౌడర్‌లో, పూత వేసినదానిలో కూడా, హైడ్రాక్సైడ్ కంటే కార్బోనేట్ ఎక్కువగా ఉంది. అదే సరఫరాదారు నుంచి వచ్చిన రెండో డబ్బా సీలు ఉన్నది ఉంటే, దాన్ని గాలి తగలకుండా ఆర్గాన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లో తెరిచి కొలిచాను. దానిలో కార్బోనేట్ సగానికి తక్కువ. ఆ పౌడర్‌తో కలిపిన స్లర్రీ మర్నాటికి కూడా నల్లగా, పలచగానే ఉంది. గైడ్ గారికి మందం లెక్క చూపించాను, 2 శాతం ఆలోచన మానుకొని 0.3 శాతం చేయమన్నారు. ఆక్సిజన్ ప్రవాహం ఉన్న ఫర్నేస్ మాత్రం మా దగ్గర లేదు.

పలాస_మాస్టారు
బాగుంది. ఇప్పుడు పాత చరిత్ర ఒకటి తప్పక చదవండి. 2000, 2001 సంవత్సరాల్లో కొరియాలో జేఫిల్ చో, బ్యుంగ్‌వూ పార్క్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ మీద అల్యూమినా, జిర్కోనియా పూతలు వేసి గొప్ప ఫలితాలు ప్రకటించింది. 2004లో డాన్ బృందం, ఏ పూతా లేని లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను కేవలం మళ్లీ వేడి చేసి, 4.5 వోల్టుల దాకా నడిపి, పూత వేసినదానితో సమానంగా నిలబడటం చూపించింది. తేమ, గాలి వల్ల ఉపరితలం మీద చేరినవి ఆ వేడికి పోవడమే మేలు చేసింది. అంటే పూత వేసేటప్పుడు చేసే వేడికి దక్కవలసిన కీర్తిలో కొంత పూతకు పోయింది.

వంశధార
ఇది నేను అడగాలనుకున్నదే. వేడి చేయని పౌడర్‌ను పూత వేసిన పౌడర్‌తో పోల్చిన పత్రాలు నేను ఎన్నో చూశాను. ఆ పోలికతో ఏమీ తేలదు.

రాజాం_రసాయనం
కాబట్టి నాగావళి గారూ, నాలుగు నమూనాలు చేయండి. గ్లవ్‌బాక్స్‌లో తెరిచిన పౌడర్ ఉన్నది ఉన్నట్టు ఒకటి. అదే పౌడర్ ఐసోప్రొపాక్సైడ్ లేని ఐసోప్రొపనాల్‌లో తిప్పి, ఆరబెట్టి, ఆక్సిజన్‌లో 450 దగ్గర వేడి చేసినది ఒకటి. 0.3 శాతం పూత వేసి అలాగే వేడి చేసినది మూడోది. బీరువా పౌడర్‌ను పూత లేకుండా ఆక్సిజన్‌లో వేడి చేసినది నాలుగోది. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే మీ అల్యూమినా చేసిన పని. సగం సెల్స్ గ్రాఫైట్‌తో, సగం లిథియంతో కట్టండి. అన్నింటికీ ఒకే ఎలక్ట్రోలైట్ సీసా వాడండి.

బొబ్బిలి_వీణ
మా విభాగంలో ట్యూబ్ ఫర్నేస్ ఉంది, ఆక్సిజన్ ప్రవాహ మీటరు కూడా ఉంది. వచ్చే నెల మొదటి వారంలో రాత్రిపూట ఖాళీగా ఉంటుంది, మా విభాగాధిపతితో మాట్లాడి ఉంచుతాను. ఆక్సిజన్ సిలిండర్ అద్దె మీరు చూసుకోవాలి. పౌడర్ పెట్టే అల్యూమినా బోట్లు (చిన్న తొట్టెలు) కడిగి, కాల్చి తెచ్చుకోండి, మా బోట్లలో ఎల్‌ఎఫ్‌పీ చేస్తాము కాబట్టి ఇనుము, కార్బన్ అంటుకునే ప్రమాదం ఉంది. పౌడర్‌ను గ్లవ్‌బాక్స్‌లోనే చిన్న చిన్న అల్యూమినియం పౌచ్‌లలో వేడితో సీలు చేసి, ఒక్కో ప్రయోగానికి ఒక్కో పౌచ్ చొప్పున తీసుకురండి. వేడి చేశాక చల్లారేది కూడా ఆక్సిజన్‌లోనే చల్లారాలి, 100 డిగ్రీల దగ్గరే బయటికి తీసి వెంటనే వాక్యూమ్ డెసికేటర్‌లో పెడదాం.

నాగావళి_ఒడ్డు
తప్పకుండా వస్తాను. సిలిండర్ ఏర్పాటు చేసుకున్నాక మీకు సందేశం పెడతాను. 4.1 వోల్టుల దగ్గర ఆపిన సెల్స్ ఇప్పటికే నడుస్తున్నాయి, వాటి గ్రాఫ్ ఇదే చోట పెడతాను.

ఎస్‌కోట_విద్యార్థిని
గ్రాఫ్‌తో పాటు ప్రతి సైకిల్ కూలంబిక్ ఎఫిషియెన్సీ ఫైలు కూడా పెట్టండి, నాలుగో దశాంశం దాకా.